నలభై మీటర్ల బ్యాండులో హోరు తగ్గించే పని: ప్రాజెక్టు డైరీ

పని ఇదీ: అపార్ట్‌మెంటులో కూర్చుని అమెచ్యూర్ (హామ్) రేడియో వాళ్ళు మాట్లాడుకునే 40 మీటర్ల బ్యాండు, అంటే 7.0 నుంచి 7.2 మెగాహెర్ట్జ్ దాకా, తలనొప్పి రాకుండా వినగలిగేలా చెయ్యడం. సెట్టు బిట్‌ఎక్స్40. మన హైదరాబాద్ వాసి అష్హర్ ఫర్హాన్ (కాల్‌సైన్ వీయూ2ఈఎస్ఈ) డిజైన్ చేసిన ఒంటి బోర్డు ట్రాన్సీవరు, అంటే వినడానికీ పంపడానికీ ఒకటే సెట్టు, ఏడు వాట్ల దాకా ఇస్తుంది. యాంటెన్నా టెర్రస్ మీద ఇన్వర్టెడ్ వీ డైపోల్, అంటే మధ్యలో పైకెత్తి రెండు పక్కలా కిందికి వాల్చిన తీగ, రెండు చేతులూ కలిపి 20 మీటర్లు. మేముండేది కూకట్‌పల్లి వైపు రెండో అంతస్తులో. ఎటు చూసినా ఇళ్ళే, ప్రతి ఇంట్లోనూ చార్జర్లే.

పొద్దున నెట్‌లో, అంటే హామ్‌లు ఒకే ఫ్రీక్వెన్సీలో కలిసి మాట్లాడుకునే వేళలో, విజయవాడ వాళ్ళు బాగానే పలుకుతారు. వాళ్ళు ఎవరితో మాట్లాడుతున్నారో ఆ రెండో మనిషి మాత్రం నాకు వినపడడు. తక్కువ పవర్ వాడేవాళ్ళు, యాంటెన్నా సరిగా లేనివాళ్ళు అందరూ హోరు కిందే ఉండిపోతారు.

ఇలాంటప్పుడు చాలామంది ఇచ్చే సలహా ఒకటుంది. సెట్టును ఇనుప డబ్బాలో పెట్టు, లేకపోతే అల్యూమినియం ఫాయిల్ చుట్టు, హోరు పోతుంది. పోదు. యాంటెన్నా పీకేసి ఆ సాకెట్టుకు 50 ఓమ్‌ల రెసిస్టరు తగిలించి చూడండి, సెట్టు దాదాపు మూగబోతుంది. అంటే హోరు గాల్లోంచి నేరుగా బోర్డు మీదకి దూకట్లేదు, తీగలెంట నడిచి వస్తోంది. యాంటెన్నా తీగ, దాని కేబులు, పవర్ వైరు, గోడల్లో పరుచుకున్న ఇంటి వైరింగు. అందుకే ఈ డైరీలో ఎక్కువ భాగం తీగల గోలే. డబ్బాకు కూడా ఒక చోటుంది, అది ఆగస్టులో వస్తుంది.

మే: ముందు కొలత

చెవిని నమ్ముకుంటే ఈ పని ముందుకు సాగదు. రెండు గంటలు కష్టపడి ఏదో బిగించాక హోరు తగ్గినట్టే అనిపిస్తుంది, తగ్గకపోయినా సరే. బిట్‌ఎక్స్40లో సిగ్నలు బలాన్ని ఎస్ పాయింట్లలో చూపే ఎస్ మీటరు లేదు. సిగ్నలు బలాన్ని బట్టి గెయిన్‌ను, అంటే సెట్టు సిగ్నలును పెంచే మోతాదును, తనంతట తానే సర్దే ఏజీసీ కూడా లేదు. ఏజీసీ లేకపోవడాన్ని అందరూ లోటంటారు గానీ ఈ పనికి మాత్రం అదే కలిసొచ్చింది. గెయిన్ తనంతట తాను మారదు కాబట్టి వాల్యూం నాబ్‌ను కదలకుండా ఒకచోట పెట్టి స్పీకరు దగ్గర ఏసీ వోల్టేజి కొలిస్తే అదే హోరు కొలత. వోల్టేజి సగమైతే 6 డెసిబెల్స్ తగ్గినట్టు, అంటే ఒక ఎస్ పాయింటు.

నాబ్ మీదా ప్యానెల్ మీదా కలిసేలా మార్కర్‌తో ఒక గీత గీశాను. అది కదిలితే లెక్కంతా పోతుంది. మీటరు గురించి కూడా ఒక మాట. అందరి దగ్గరా ఉండే పసుపు రంగు చౌక మల్టీమీటరులో ఏసీకి అడుగు రేంజే 200 వోల్టులు, దీనికి పనికిరాదు. ఏసీ మిల్లీవోల్టులు చూపించే మీటరు ఉండాలి.

మిత్రుడొకరు సిగ్నల్ జనరేటరు ఇచ్చారు. యాంటెన్నా సాకెట్టుకు 50 మైక్రోవోల్టులు ఇచ్చాను. హెచ్ఎఫ్‌లో (షార్ట్ వేవ్‌లో) ఎస్9 అంటే అదే, 50 ఓమ్‌ల మీద మైనస్ 73 డీబీఎం (ఒక మిల్లీవాటుతో పోల్చి పవరు చెప్పే కొలత). మీటరు 290 మిల్లీవోల్టులు చూపింది. సాకెట్టుకు ఉత్త రెసిస్టరు పెడితే 2. ఇక యాంటెన్నా తగిలించి, సాయంత్రం ఏడింటికి ఇంట్లో అన్నీ నడుస్తుండగా చూస్తే 210. ఎస్8న్నర హోరు అన్నమాట.

ఎంత దాకా దించొచ్చో ముందే తెలుసుకోవడం మంచిది, లేకపోతే ఈ పనికి అంతు ఉండదు. మనుషుల వల్ల పుట్టే రేడియో నాయిస్ గురించి ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్) వాళ్ళ పి.372 సిఫార్సులో సూత్రాలున్నాయి. ఇళ్ళుండే ప్రాంతానికి 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర లెక్క కడితే థర్మల్ నాయిస్ (వేడి వల్ల ఎప్పుడూ ఉండే కనీస హోరు) మీద 49 డెసిబెల్స్ వస్తుంది. ఎస్ఎస్‌బీ (హామ్‌లు మాట పంపే పద్ధతి) పట్టే రెండున్నర కిలోహెర్ట్జ్ వెడల్పులో అది మైనస్ 91 డీబీఎం, అంటే ఎస్6. పల్లెటూరైతే ఇంకో ఐదు డెసిబెల్స్ తక్కువ. నా మీటరు మీద ఎస్6 అంటే 36. ఇదే నా గురి. సున్నా కావాలని పట్టుబడితే ఇల్లు ఖాళీ చేసి నల్లమలకు పోవాలి.

మే చివర: మెయిన్ ఆపితే

ఏ హోరు మనింటిది, ఏది బయటిది అని విడదీయాలంటే సెట్టును బ్యాటరీ మీద పెట్టి ఇంటి మెయిన్ దించాలి. పాత యూపీఎస్‌లోంచి తీసిన 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ చాలు.

ఇన్వర్టరున్న ఇంట్లో మాత్రం మెయిన్ దించగానే హోరు తగ్గకపోగా పెరుగుతుంది. కరెంటు పోయిందనుకుని ఇన్వర్టరు లేచి కూర్చుంటుంది, అది చేసే గోల మామూలు రోజుల్లో కనిపించేది కాదు. కాబట్టి ముందు ఇన్వర్టరు స్విచ్ ఆపి, ఆ తర్వాత మెయిన్ దించాలి. ఫ్రిజ్, రౌటరు, సెట్‌టాప్ బాక్సు అన్నీ చచ్చిన తర్వాత చూడాలి.

"ఆదివారం పొద్దున్నే మీరే తీసేస్తుంటే ఇక కరెంటు వాళ్ళు దేనికండీ" అంది మా ఆవిడ. మాట నిజమే. కానీ మీటరు 210 నుంచి 55కు పడింది. దాదాపు పన్నెండు డెసిబెల్స్. ఎదుటివాళ్ళను అనడానికి ముందు చూసుకోవాల్సింది మన ఇంటినే అని అర్థమైపోయింది.

జూన్: ఇంట్లోవి

మళ్ళీ మెయిన్ ఎత్తి ఎంసీబీలు ఒక్కొక్కటే వేసుకుంటూ వచ్చాను. మీటరు ఎక్కడ ఎగిరిందో చూసి, ఆ లైను మీదున్న వస్తువులను ఒక్కొక్కటే పీకడం. గది తెలిశాక వస్తువు దగ్గరికి వెళ్ళడానికి చేతిలో పాత ట్రాన్సిస్టరు ఉంటే చాలు. మీడియం వేవ్‌లో స్టేషనేదీ లేనిచోట ముల్లు పెట్టి గోడ పక్కన, స్విచ్‌బోర్డు పక్కన నడుస్తూ పోతే అదే చెప్తుంది.

కొన్నాళ్ళకు చెవికి కూడా తేడా పట్టుబడుతుంది. పాత రకం ఫ్యాన్ రెగ్యులేటరు, లైటు డిమ్మరు అయితే గట్టి గరగర, సెకనుకు వంద దెబ్బలు, ఎందుకంటే మన 50 హెర్ట్జ్ కరెంటులో ప్రతి అరసైకిల్‌కూ ఒకసారి కోత పడుతుంది. ఎస్ఎంపీఎస్ అడాప్టర్లది, అంటే కరెంటును చాలా వేగంగా ఆపుతూ వేస్తూ వోల్టేజి మార్చేవాటిది, వేరే తీరు. డయల్ తిప్పుతుంటే ఒకచోట హోరు ఉబ్బుతుంది, తగ్గుతుంది, కొంత దూరం పోయాక మళ్ళీ ఉబ్బుతుంది. రెండు ఉబ్బుల మధ్య దూరం 65 కిలోహెర్ట్జ్ ఉందంటే ఆ అడాప్టరు లోపలి స్విచ్చింగు వేగం 65 కిలోహెర్ట్జ్. దాని హార్మోనిక్సే, అంటే ఆ వేగానికి రెండు, మూడు, నాలుగు రెట్ల ఫ్రీక్వెన్సీలే, మెగాహెర్ట్జ్‌ల దాకా వరసగా వస్తాయి. ఈ దూరం రాసి పెట్టుకుంటే, తర్వాత ఎక్కడ విన్నా అదే అడాప్టరని గుర్తుపట్టొచ్చు.

మా ఇంట్లో అన్నిటికన్నా పెద్దది హాల్లో ఫాల్స్ సీలింగు డౌన్‌లైట్లు. ఒక్కో లైటుకూ సీలింగు పైన అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద డ్రైవరు డబ్బా, దాన్నుంచి పొడుగాటి తీగలు. ఆ తీగలే యాంటెన్నాలు. విచిత్రమేమిటంటే, వంటింట్లో వేసిన అతి చౌక బల్బు అసలు చప్పుడే చెయ్యదు. దాని లోపల స్విచ్చింగు లేదు, లీనియర్ ఐసీతో కరెంటును అడ్డుకుంటారు అంతే. లైటు కొంచెం అదురుతుంది, వేడెక్కుతుంది, కానీ రేడియోకు శత్రువు కాదు. డబ్బు ఎక్కువ పెట్టి కొన్న డౌన్‌లైటు హోరెత్తిస్తుంటే పక్కనే ఇది బుద్ధిగా వెలుగుతోంది.

రెండోదాన్ని పట్టుకోవడానికి చాలా రోజులు పట్టింది. ఉన్నట్టుండి వచ్చేది, కాసేపుండి పోయేది. ఎంసీబీ దించేలోపే మాయం. ఒకరోజు అమ్మ పప్పు నానబెట్టడానికి ఆర్ఓ దగ్గర గిన్నె నిండా నీళ్ళు పట్టుకుని వెళ్ళింది. కాసేపటికి మీటరు ఎగిరింది. వంటింట్లోంచి పంపు బుర్రుమంటోంది. ట్యాంకులో మట్టం తగ్గగానే పంపు తిరుగుతుంది, పంపుకు కరెంటిచ్చే 24 వోల్టుల అడాప్టరు అప్పుడే పూర్తి లోడు మీద పడుతుంది. అప్పటి నుంచి అమ్మ గిన్నె తీసుకుంటే నేను మీటరు వైపు చూడటం అలవాటైపోయింది.

పడకగదిలో రిమోట్ ఫ్యాను మూడోది. ఇలాంటి బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యానులన్నిటికీ లోపల ఎస్ఎంపీఎస్, మోటారును తిప్పే చిన్న ఇన్వర్టరు ఉంటాయి. రిమోట్‌తో ఆపితే రెక్కలు ఆగుతాయి గానీ ఎస్ఎంపీఎస్ ఆగదు, గోడ స్విచ్చే ఆపాలి. ల్యాప్‌టాప్ చార్జరు, రౌటరు అడాప్టరు లాంటివి వీటి తర్వాతే. వాటి గురించి చెప్పుకోవాల్సింది పెద్దగా లేదు.

జూలై: గుజరాతీ గల్లీ, రింగులు

హోరును పుట్టినచోటే ఆపాలంటే ఫెరైట్ అనే అయస్కాంత పదార్థంతో చేసిన రింగులు కావాలి. సూత్రం తేలికే. అడాప్టరుకు వెళ్ళే కరెంటు ఒక తీగలో వెళ్ళి ఇంకో తీగలో తిరిగొస్తుంది. రెండు తీగలనూ కలిపి రింగు చుట్టూ తిప్పితే ఈ రానూపోనూ కరెంటుల అయస్కాంత ప్రభావం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, రింగుకు ఏమీ తెలియదు. హోరు అలా కాదు. రెండు తీగలలోనూ ఒకే దిక్కుగా బయల్దేరి, ఎర్తింగు ద్వారానో గాలి ద్వారానో తిరిగొస్తుంది. దీన్నే కామన్ మోడ్ అంటారు. రింగు దీన్ని మాత్రమే అడ్డుకుంటుంది, మామూలు కరెంటును ముట్టుకోదు.

ఎలక్ట్రానిక్స్ సామాన్లమ్మే కోఠీ గుజరాతీ గల్లీలో రింగులు దొరకవని కాదు, ఏ రింగు ఏమిటో చెప్పేవాళ్ళు దొరకరు. పాత కంప్యూటరు ఎస్ఎంపీఎస్‌లలోంచి తీసిన పసుపు రింగులు, ఒక పక్క తెల్లరంగు వేసినవి, కుప్పలుగా ఉంటాయి. అవి ఐరన్ పౌడరు రింగులు. పవర్ సప్లైలో ఫిల్టరు కాయిల్‌కు బాగుంటాయి, 7 మెగాహెర్ట్జ్ హోరు ఆపడానికి పనికిరావు. బూడిద రంగువి కొన్ని తెచ్చి నానోవీఎన్ఏ (ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత అడ్డు వస్తుందో చూపే చిన్న మీటరు) మీద పెట్టి చూశాను. కొన్ని పనికొచ్చాయి, కొన్ని రాలేదు. పైకి అన్నీ ఒకేలా ఉంటాయి. అసలైనవి 31 మిక్స్ అనే రకం, 61 మిల్లీమీటర్ల వ్యాసమున్నవి, మా బావమరిది డల్లాస్ నుంచి వస్తూ తెచ్చిపెట్టాడు. కస్టమ్స్ వాళ్ళు ఏమడుగుతారోనని అతనికి టెన్షన్, రింగులు విరగకుండా వస్తాయా అని నాకు టెన్షన్.

మార్కెట్లో కేబులు మీద టిక్కున బిగించే ఫెరైట్ క్లిప్పులు దొరుకుతాయి. ఒకటి బిగించేసి పని అయిపోయిందనుకునేవాళ్ళు చాలామంది. తీగ ఒక్కసారి రింగులోంచి దూరితే 7 మెగాహెర్ట్జ్ దగ్గర వచ్చే అడ్డు పదుల ఓమ్‌లే. హోరుకు అదేం లెక్క కాదు. చుట్లు పెంచితే అడ్డు చుట్ల సంఖ్య వర్గంతో పెరుగుతుంది: రెండు చుట్లకు నాలుగు రెట్లు, పన్నెండు చుట్లకు 144 రెట్లు. అప్పుడది వేల ఓమ్‌లకు చేరుతుంది. ఇరవై క్లిప్పులు కొనే బదులు ఒక పెద్ద రింగుకు పది పన్నెండు చుట్లు వేస్తే డబ్బూ మిగులుతుంది, పనీ అవుతుంది.

రింగు లోపలి రంధ్రం 35 మిల్లీమీటర్లు. అడాప్టరు సన్న పిన్ను సులువుగా దూరుతుంది, మూడు పిన్నుల పెద్ద ప్లగ్గు దూరదు. అందుకని అడాప్టరు డీసీ తీగను ఒక రింగుకు చుట్టాను, గోడ వైపున ఎక్స్‌టెన్షన్ బోర్డు తీగను ప్లగ్గు విప్పి ఇంకో రింగుకు చుట్టాను. డౌన్‌లైట్ల పనే చెమటలు పట్టించింది. స్ప్రింగు క్లిప్పులు నొక్కి లైటును కిందికి లాగుతుంటే అవి టపీమని వేలికి కొడతాయి. రంధ్రంలోంచి చెయ్యి పెట్టి, డ్రైవరు డబ్బా బయటికి తీసి, కరెంటు తీగలు రెండూ కలిపి చిన్న రింగుకు ఎనిమిది చుట్లు, రెండు తీగల మధ్య 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 కెపాసిటరు. ఎక్స్2 అని రాసి ఉన్నదే వాడాలి, కరెంటు లైను మీద పెట్టడానికి తయారైంది అదే. మామూలు కెపాసిటరు పెడితే ఏదో ఒకరోజు సీలింగులోంచి పొగ వస్తుంది.

ఒక లైటుకు చేసి చూసి, మీటరు ఒప్పుకున్నాకే మిగతావాటికి చేశాను.

జూలై చివర: ఆర్ఓ, ఎర్తింగు

ఆర్ఓ అడాప్టరుకు రింగులు చాలలేదు. పాత సామాన్ల కొట్టులో దొరికిన రేకు డబ్బా లైన్ ఫిల్టరు పెట్టాను. లోపల కాయిల్, ఎక్స్ కెపాసిటరు, ఫేజు నుంచీ న్యూట్రల్ నుంచీ ఎర్తుకు రెండు వై కెపాసిటర్లు. ఈ వై కెపాసిటర్ల వల్లే ఎర్తింగు గట్టిగా ఉండాలి. ఎర్తు లేని సాకెట్టులో ఈ ఫిల్టరు పెడితే రెండు కెపాసిటర్లూ 230ని సగానికి పంచుకుంటాయి, రేకు డబ్బా మీద 115 వోల్టుల దాకా తేలుతుంది. ప్రాణం తీసేంత కరెంటు రాదు గానీ ముట్టుకుంటే జివ్వుమంటుంది. తడి చేతులతో తిరిగే వంటింట్లో అసలే వద్దు.

మన ఫ్లాట్లలో మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన ఎర్తు ఉన్నట్టు కాదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి టెస్టు చేయిస్తే వంటింటి సాకెట్టు వెనక ఆకుపచ్చ తీగ ఎక్కడికీ కలవకుండా మడతపెట్టి ఉంది. "అపార్ట్‌మెంట్లలో ఇదంతా మామూలే సార్" అని నవ్వి, కలిపి వెళ్ళాడు. రేడియో సంగతి పక్కన పెడితే, ఇంటికి జరిగిన అసలు మేలు ఇదేనేమో.

ఫిల్టర్లు వరసగా పెట్టుకుంటూ పోకూడదు కూడా. 4.7 నానోఫారడ్ వై కెపాసిటరు ఒక్కోటి మిల్లీఆంపులో మూడో వంతు ఎర్తుకు వదులుతుంది. ఇంట్లో 30 మిల్లీఆంపుల ఈఎల్‌సీబీ (ఎర్తుకు కరెంటు కారితే సప్లై ఆపేసే స్విచ్చు) ఉంటే, కంప్యూటరు, వాషింగ్ మెషీన్ వదిలేదీ దీనికి తోడై ఊరికే పడిపోతుంటుంది.

నెలాఖరుకు, ఇంట్లో అన్నీ నడుస్తుండగా: 95.

ఆగస్టు: కేబులు, ఆ తర్వాత డబ్బా

ఇక్కడ ఒక పరీక్ష ఉంది, ఎవరైనా ముందుగా ఇదే చేసుకోవాలని నా అభిప్రాయం. టెర్రస్ మీదకి వెళ్ళి డైపోల్ తీగలు రెండూ విప్పేసి, కేబులు పై కొసన వాటి చోట 50 ఓమ్‌ల రెసిస్టరు పెట్టండి. కిందికొచ్చి మీటరు చూడండి. యాంటెన్నాయే లేదు కాబట్టి ఇప్పుడు వినిపించేదంతా కేబులు పైతొడుగు పట్టుకొచ్చిందే. నాకు 75 వచ్చింది. మొత్తం 95లో అంత భాగం యాంటెన్నా విన్నది కానే కాదు. కేబులు మెట్ల పక్క వైరింగు డక్టును ఆనుకుని దిగుతూ అక్కడి గోలంతా మోసుకొస్తోంది.

మందు మళ్ళీ రింగే. ఆర్‌జీ-58 కేబులును 31 మిక్స్ రింగుకు పన్నెండు చుట్లు చుట్టి, ఒకటి డైపోల్ మధ్యలో, ఒకటి గదిలోకి వచ్చేచోట పెట్టాను. మరీ బిగించి చుడితే లోపలి తీగ ఇన్సులేషన్‌లో పక్కకు జరుగుతుంది, కొంచెం వదులుగానే ఉండాలి. పైదానికి వాన తగలకుండా ప్లాస్టిక్ డబ్బా. నేను నిచ్చెన మీదుండగా వాచ్‌మన్ వచ్చి, "సార్, ఇంత గట్టి తీగ కట్టారు, బట్టలు ఆరేసుకోవచ్చా" అనడిగాడు. వద్దని చెప్పడానికి కాసేపు పట్టింది.

రెసిస్టరు పరీక్షలో 75 కాస్తా 14కు దిగింది. ఆ మిగిలిన 14 ఎక్కడిది? ఇక్కడే డబ్బా వంతు వచ్చింది.

నా బోర్డు అప్పటిదాకా ప్లాస్టిక్ పెట్టెలో ఉంది. యాంటెన్నా సాకెట్టు నుంచి బోర్డుకు రెండు ఉత్త తీగలు, ఒక్కోటి జానెడు. కేబులు తొడుగు మీద ప్రవహించే హోరు సాకెట్టు దాకా వచ్చి, అక్కడ ఆ తీగ ద్వారా నేరుగా బోర్డు గ్రౌండులోకి దిగుతుంది. డబ్బా ఇనుముదైతే, సాకెట్టు అంచు డబ్బాకే బిగిసి ఉంటే, ఆ కరెంటు డబ్బా బయటి ముఖం మీదే తిరిగి వెళ్ళిపోతుంది, లోపలికి రాదు. రేకు ఉండటం కన్నా, తీగ లోపలికి వచ్చే రంధ్రం దగ్గర తొడుగు రేకును చుట్టూ అంటుకుని ఉండటమే ముఖ్యం.

పాత కంప్యూటరు ఎస్ఎంపీఎస్ ఖాళీ డబ్బా తీసుకున్నాను. బీఎన్‌సీ సాకెట్టుకు రంధ్రం చేసి, చుట్టూ అర సెంటీమీటరు మేర గరుకు కాగితంతో రుద్ది, తళతళలాడే ఇనుము బయటపడ్డాక పళ్ళున్న వాషరు వేసి బిగించాను. మూత అంచుల్లోనూ అంతే. రంగు పొర ఉంటే డబ్బా ఉన్నా లేనట్టే, మూత ఒకవైపు డబ్బా ఒకవైపు. పవర్ తీగ వచ్చేచోట 0.01 మైక్రోఫారడ్ డిస్క్ కెపాసిటరు కాళ్ళు పొట్టిగా కత్తిరించి డబ్బాకే సోల్డరు చేశాను. రెసిస్టరు పరీక్ష: 4. సెట్టు సొంత ఆర్డుయినో (లోపలి చిన్న కంట్రోలు బోర్డు), డిస్‌ప్లే చేసే చిటపటలు కూడా తగ్గాయి, డిస్‌ప్లేకూ బోర్డుకూ మధ్య ఒక రేకు ముక్క నిలబెట్టాక.

డైపోల్ మళ్ళీ తగిలించాక, అన్నీ నడుస్తుండగా: 58.

ఇంకో లాభం నేను వెతకకుండానే వచ్చింది. నేను మాట్లాడినప్పుడల్లా హాల్లో బ్లూటూత్ స్పీకరు గొణిగేది. అది ఆగిపోయింది. హోరు లోపలికి వచ్చే దారీ మన సిగ్నలు ఇంట్లోకి పాకే దారీ ఒకటే, దాన్ని మూస్తే రెండు వైపులా మూసినట్టే.

సెప్టెంబరు: కింది ఫ్లాటు

చవితి పందిరి మన వీధిలోనే. నిమజ్జనం అయ్యేదాకా సీరియల్ లైట్లు, యాంప్లిఫైయర్లు, చీకటి పడ్డాక బ్యాండు మొత్తం పోయింది. ఆ రోజుల్లో కొలతలు మానేసి ప్రసాదం తిన్నాను.

తర్వాత చూస్తే, మా ఇంట్లో అన్నీ ఆపినా పోని ఉబ్బు ఒకటి మిగిలింది. ట్రాన్సిస్టరు పట్టుకుని మెట్లు దిగితే కింది ఫ్లాటు తలుపు దగ్గర గట్టిపడింది. అంకుల్ పేపరు చదువుకుంటున్నారు.

"అంకుల్, మీ దేవుడి గదిలో లైటు ఒక్క నిమిషం ఆపొచ్చా?"

"దీపం కాదుగా బాబూ, ఆపు. నీ రేడియోకి మా దేవుడితో ఏం పనయ్యా?"

మందిరం చుట్టూ అంటించిన ఎల్‌ఈడీ స్ట్రిప్పు, దానికో 12 వోల్టుల అడాప్టరు, రాత్రీ పగలూ వెలుగుతూనే ఉంటుంది. ట్రాన్సిస్టరు ఆయన చేతికిచ్చి స్విచ్ ఆయన్నే వెయ్యమన్నాను. వేస్తే బుయ్, తీస్తే నిశ్శబ్దం. నాలుగైదుసార్లు వేసి తీసి చూశారు, చిన్నపిల్లాడిలా. ఈ పనిలో నాకు తెలిసిన ఉపాయం ఇదొక్కటే. డెసిబెల్స్ గురించి ఉపన్యాసం ఇస్తే పొరుగువాళ్ళు తలుపేసుకుంటారు, చేతికి రేడియో ఇస్తే వాళ్ళే వెతకడం మొదలుపెడతారు.

"ఫోనుండగా ఇదంతా దేనికి?" అన్నారు చివర్లో. 2004 డిసెంబరు 26 సంగతి చెప్పాను. సునామీ వచ్చిన రోజు హైదరాబాద్‌లోని ఎన్ఐఏఆర్‌కు (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో) చెందిన భారతీ ప్రసాద్ (వీయూ2ఆర్‌బీఐ) అమెచ్యూర్ రేడియో బృందంతో పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉన్నారు. అక్కడి నుంచి హెచ్ఎఫ్ మీద కబుర్లు బయటికి పంపారు. పంపేవాళ్ళు అటు ఉన్నా ఇటు వినేవాడి చెవిలో హోరుంటే ఆ మాట అందదు కదా అన్నాను. ఆయన స్ట్రిప్పు ఆపేస్తానన్నారు. అక్కర్లేదని, నా దగ్గరున్న కాస్త మంచి అడాప్టరు ఇచ్చి, స్ట్రిప్పుకు వెళ్ళే తీగకు రింగు చుట్టి వచ్చాను.

41. గురి 36. ఈ రెంటికీ తేడా ఒక డెసిబెల్ పైచిలుకు, అంతకోసం ఇంకో రింగు ఖర్చు చెయ్యను.

అక్టోబరు: ఎండ వస్తే హోరు

సాయంత్రం 41. పొద్దున తొమ్మిది దాటాక 150. మబ్బు పడితే తగ్గుతుంది, మబ్బు తొలిగితే లేస్తుంది. దీనికి ట్రాన్సిస్టరు కూడా అక్కర్లేదు, కిటికీలోంచి చూస్తే చాలు: ఎదురింటి మీద కొత్త సోలార్ పలకలు. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక మా వీధిలో ఇవి పెరుగుతున్నాయి. ఇన్వర్టరు స్విచ్చింగు హోరు డీసీ తీగలెంట పైకెక్కుతుంది, టెర్రస్ మీద మీటర్ల కొద్దీ పరిచిన ఆ తీగలు నా డైపోల్‌కు ఎదురుగా నిలబడిన ఇంకో డైపోలే. వాళ్ళింటి మీద నేను రింగులు చుట్టలేను. సోలార్ పెట్టుకున్నందుకు వాళ్ళను తప్పుపట్టడానికీ లేదు.

కాబట్టి వినడానికి వేరే యాంటెన్నా. ఏసీ మెకానిక్ దగ్గర పావంగుళం రాగి గొట్టం కొని, మీటరు వ్యాసంతో గుండ్రంగా వంచాను. దాని ఇండక్టెన్సు 3.2 మైక్రోహెన్రీల దగ్గర వస్తుంది. 7.1 మెగాహెర్ట్జ్‌కు ట్యూన్ చెయ్యడానికి 150 పీకోఫారడ్‌లు కావాలి, పాత వాల్వు రేడియోలోంచి తీసిన, తిప్పితే విలువ మారే గ్యాంగ్ కండెన్సరు సరిగ్గా సరిపోయింది. లోపల 20 సెంటీమీటర్ల చిన్న చుట్టు, దాన్నుంచి కేబులు, ఆ కేబులుకూ ఒక రింగు. నేను వినే నెట్ ఎప్పుడూ ఒకే ఫ్రీక్వెన్సీలో ఉంటుంది, గ్యాంగ్ ఒకసారి తిప్పి పెడితే మళ్ళీ టెర్రస్ ఎక్కక్కర్లేదు.

లూపును నిలబెట్టి, దాని పళ్ళెం ముఖం ఎదురిల్లు వైపుకు తిప్పితే ఆ దిక్కు నుంచి వచ్చే హోరు బాగా తగ్గిపోతుంది. మరి ఆ దిక్కునున్న స్టేషన్లు? అవి తగ్గవు, ఈ బ్యాండు అందమే అది. పగటిపూట 40 మీటర్లలో మన రాష్ట్రాల్లోంచి వచ్చే సిగ్నళ్ళు ఆకాశం మీద నుంచి, అయనావరణానికి తగిలి, దాదాపు నడినెత్తి నుంచి దిగుతాయి. పైనుంచి వచ్చేదానికి నిలబెట్టిన లూపు ఎటు తిరిగి ఉన్నా ఒకటే. ఎదురింటి హోరు మాత్రం నేల మీదుగా అడ్డంగా వస్తుంది, దొరికిపోతుంది.

లూపు ఇచ్చే సిగ్నలే తక్కువ కాబట్టి డైపోల్ మిల్లీవోల్టులతో దీన్ని పోల్చకూడదు. మాట ఉన్నప్పుడూ లేనప్పుడూ మీటరు చూసి నిష్పత్తి కట్టాలి. నెట్ కంట్రోలు (నెట్ నడిపే స్టేషను) మాట డైపోల్ మీద హోరుకు రెట్టింపు ఉండేది, లూపు మీద ఎనిమిది రెట్లు ఉంది. పన్నెండు డెసిబెల్స్ లాభం, మిట్టమధ్యాహ్నం, ఎండలో. విజయవాడ వాళ్ళు మాట్లాడే రెండో మనిషి అనంతపురం నుంచట.

పంపడానికి మాత్రం డైపోలే కావాలి, లూపు గ్యాంగ్ ఏడు వాట్లకు నిలవదు. ప్రస్తుతం కేబుళ్ళు చేత్తో మారుస్తున్నాను. పీటీటీ (మాట్లాడేటప్పుడు నొక్కే బటను) నొక్కగానే డైపోల్‌కూ వదలగానే లూపుకూ తిరిగే 12 వోల్టుల రిలే కోఠీ నుంచి తెచ్చాను, దాని కాయిల్‌కు అడ్డంగా డయోడు పెట్టి, ఎస్ఎంపీఎస్ డబ్బాలోనే ఒక మూల బిగించాలి. రంధ్రం కొలత తీసుకున్నాను, డ్రిల్లు బిట్టు మాత్రం మొద్దుబారింది.